వెనుక బల్ల మీద కూర్చునేది ఎవరు?

(పెనుకొండలో ఉర్దూ పాఠశాలల తల్లిదండ్రులు, సామాజిక కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ పాఠశాలల గురించి సభ అనగానే ఖాళీ పోస్టుల ప్రస్తావనతో మొదలుపెట్టడం మనకు అలవాటు. ఆ మాట న్యాయమైనదే. రోస్టరు ప్రకారం కేటాయించిన ఉర్దూ పోస్టులకు ఆ మాధ్యమంలో చదివిన అభ్యర్థులు దొరకక, ఒక డీఎస్సీ నుండి మరొక డీఎస్సీకి అవి ఖాళీగానే సాగిపోవడం మీకు తెలియని సంగతి కాదు. అయితే నేడు మేము ఆ విషయం జోలికి పోము. పోస్టు భర్తీ అయిన నాడు ఆ కుర్చీలో కూర్చోబోయే మనిషి పాఠం చెప్పడం ఎక్కడ నేర్చుకున్నాడు, ఎవరి ఎదుట నేర్చుకున్నాడు అన్నదే నేటి మా విషయం. దీనిని గురించి మన సభలలో ఎవరైనా మాట్లాడగా మేము వినలేదు.

ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడు కావడానికి నేడు ప్రధానమైన దారి డి.ఇఎల్.ఇడి. అనే రెండేళ్ల కోర్సు. మన పెద్దలు దీనిని టీటీసీ అనేవారు, తరువాత డి.ఇడి. అయింది. బి.ఇడి. చదివినవారు ప్రాథమిక తరగతుల బోధనకు అర్హులు కారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన పిమ్మట ఈ కోర్సు ప్రాముఖ్యం మరింత పెరిగింది. మన జిల్లాలో బుక్కపట్నంలోని జిల్లా విద్యా శిక్షణ సంస్థ, అనగా మనం డైట్ అని పిలిచేది, ఈ శిక్షణకు ప్రభుత్వ కేంద్రం. 1986 నాటి జాతీయ విద్యావిధానం ఫలితంగా జిల్లాకొకటి చొప్పున వెలసిన సంస్థలలో అదీ ఒకటి. ఇవిగాక ప్రైవేటు కళాశాలలున్నాయి.

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో ఇచ్చిన నిబంధనల ప్రకారం ఈ రెండేళ్లలో 20 వారాలు ఛాత్రోపాధ్యాయుడు పాఠశాలలోనే గడపాలి. మొదటి ఏడు 4 వారాలు పాఠశాలను చూడడానికి, తరగతిని గమనించడానికి. రెండవ ఏడు 16 వారాలు ఇంటర్న్‌షిప్. అంటే నిజమైన పిల్లల ఎదుట, నిజమైన పాఠాలు. శిక్షణ కళాశాలల నాణ్యతను విచారించడానికి సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లో నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక వెనుకనే ఈ నిబంధనలు వచ్చాయి. కనుక ఈ 16 వారాలు ఎవరో దయతలచి ఇచ్చినవి కావు.

కానీ వారాల సంఖ్య ఒకటి, ఆ వారాలలో జరిగేది మరొకటి. హిందూపురంలో పట్టుదారం తీసే ఇళ్లు ఎరిగినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. కొత్తగా పనికి వచ్చిన కుర్రవానికి వేడినీళ్ల తొట్టి అప్పగించి ఉస్తాదు బజారుకు పోతాడా? పోడు. ప్రక్కనే కూర్చుంటాడు. గూటి నుండి పోగు పట్టుకోవడం, తెగితే అతకడం, ఎన్ని గూళ్ల పోగులు కలిపితే దారం సమంగా వస్తుందో వ్రేళ్లతో తెలుసుకోవడం – ఇవన్నీ ఉస్తాదు కంటి ముందు జరుగుతాయి. పోగు తెగిన ప్రతిసారీ ఆయన చేయి అడ్డం వస్తుంది. మెకానిక్ షెడ్డులోనూ ఇంతే, దర్జీ దుకాణంలోనూ ఇంతే. ఉస్తాదు లేని షాగిర్దును మనలో ఎవరూ పనివాడని ఒప్పుకోరు. బడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం హాజరుపట్టీ నిండితే చాలునని మనమే అనుకుంటున్నాము.

మేము మూడు దశాబ్దాలకు పైగా గుమాస్తా ఉద్యోగం చేసినవారము. కాగితం ఎలా నిండుతుందో మాకు తెలుసు. ఇంటర్న్‌షిప్ ముగిసిందని ధ్రువపత్రం వస్తుంది. ప్రధానోపాధ్యాయుని సంతకం, ముద్ర, హాజరు రోజులు, పాఠ్యపథకాల రికార్డు అన్నీ సక్రమంగా ఉంటాయి. ఆ పాఠాలను ఎవరైనా విన్నారా అన్న ప్రశ్నకు ఆ కాగితంలో గడి లేదు.

మన ప్రాంతంలోని ఒక ఉర్దూ ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఆడపిల్లలు ఛాత్రోపాధ్యాయులుగా వచ్చారు. పాఠశాల పేరు, వారిని పంపిన కళాశాల పేరు చెప్పము. ఉన్నది ఒకే ఉపాధ్యాయుడు, అయిదు తరగతులు. మధ్యాహ్న భోజనం లెక్కలు, ఫోనులో ఎక్కించవలసిన ఫొటోలు, మండల కార్యాలయంలో సమావేశాలు – అన్నీ ఆయన నెత్తినే. పిల్లలిద్దరూ రాగానే ఆయన ఊపిరి పీల్చుకొని, చెరి రెండు తరగతులు అప్పగించారు. ఆయనను మేము నిందించము. ఆ స్థితిలో ఎవరున్నా అదే చేసేవారు. కానీ జరిగినదేమిటి? నేర్చుకోవడానికి వచ్చినవారు జీతం లేని ఉపాధ్యాయులైపోయారు. వారి పాఠం విని తప్పొప్పులు చెప్పేవారు లేరు. కళాశాల నుండి పర్యవేక్షకులు రెండుసార్లు వచ్చి, తరగతి వెనుక బల్ల మీద కొంతసేపు కూర్చుని, రికార్డు మీద సంతకం చేసి వెళ్లారు. ఆయనకు ఉర్దూ చదవడం రాదు.

ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగుతాము; ఇది ఉర్దూ పాఠశాలలకే ప్రత్యేకమైన బాధ.

ఉర్దూ తెలియని పర్యవేక్షకుడు ఉర్దూ పాఠంలో ఏమి చూడగలడు? గొంతు వినబడుతున్నదా, నల్లబల్ల శుభ్రంగా ఉన్నదా, బొమ్మలు తెచ్చారా, పిల్లలు అల్లరి చేస్తున్నారా – ఇంతవరకు చూడగలడు. జీమ్, చే, హే, ఖే అనే నాలుగు అక్షరాలకు ఆకారం ఒక్కటే, చుక్కలే తేడా. జీమ్‌కు ఒక చుక్క, చేకు మూడు, హేకు అసలు లేదు, ఖేకు పైన ఒకటి. పైగా మాట మొదట ఒక రూపం, నడుమ ఒక రూపం, చివర మరొక రూపం. విడిగా గుర్తుపట్టిన అక్షరాన్ని మాటలో గుర్తుపట్టలేక ఒకటవ తరగతి బిడ్డ తడబడే చోటు సరిగ్గా ఇదే. ఆ తడబాటును ఛాత్రోపాధ్యాయురాలు గమనించిందా, లేక బిడ్డ నోటికి వచ్చినది అప్పజెప్పగానే ముందుకు సాగిందా? వెనుక కూర్చున్నవారికి లిపి వస్తేనే ఈ ప్రశ్న పుడుతుంది. లెక్కల పాఠంలో మరొక చిక్కు ఉన్నది. వాక్యం కుడినుండి ఎడమకు నడుస్తుంది, అంకెలు ఎడమనుండి కుడికి నడుస్తాయి. ఒకే పేజీలో బిడ్డ చూపు రెండు దిక్కులా తిరగాలి. అనుభవమున్న ఉర్దూ ఉపాధ్యాయులు మొదటి వారాలలో వ్రేలితో దారి చూపుతారు. ఈ చిన్న ఉపాయం చూసి నేర్చుకోవలసినదే తప్ప గ్రంథంలో చదివి పట్టుబడేది కాదు.

ఇక మన ఇంటి భాష. పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ముస్లిం ఇళ్లలో పిల్లలు మాట్లాడేది దక్కనీ. వద్దనడానికి ‘నక్కో’ అంటారు, అవుననడానికి ‘హౌ’ అంటారు, ఎందుకనడానికి ‘కైకు’ అంటారు. పాఠ్యపుస్తకంలో ఆ మాటలు ఉండవు. వీధిలో తెలుగు, హిందూపురం వైపు బజారులో కన్నడం, బడి గోడల మీద ఇంగ్లీషు. ఆరేళ్ల బిడ్డ ఇన్ని భాషల నడుమ నిలబడి ‘హౌ’ అనగానే ‘గలత్’ అని కసిరితే, ఆ బిడ్డ మరునాడు నోరు తెరవడు. మంచి ఉపాధ్యాయురాలు ‘హౌ’ను విని, తల ఊపి, తన జవాబులో ‘జీ హాఁ’ అని వినిపిస్తుంది. బిడ్డకు అవమానం లేదు, కొత్త మాట చెవిన పడింది. ఈ మెలకువ తెలియని ఛాత్రోపాధ్యాయురాలికి ఆ సాయంత్రమే ఎవరో చెప్పాలి. చెప్పేవారు లేకపోతే ఆమె ఆ అలవాటుతోనే ముప్పై ఏళ్ల ఉద్యోగం చేస్తుంది.

మన చరిత్రలో దీనికి ఆదర్శం లేకపోలేదు. 1897లో హైదరాబాదులో జన్మించి, తరువాత రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకిర్ హుసేన్ 1937లో వార్ధా ప్రాథమిక విద్యా ప్రణాళికను రూపొందించిన సంఘానికి అధ్యక్షులు. ఆ మరుసటి ఏడే, 1938లో, ఆయన నడుపుతున్న జామియా మిల్లియా ఇస్లామియాలో ‘ఉస్తాదోఁ కా మదర్సా’ వెలసింది. ఉస్తాదులకూ ఒక బడి! బిడ్డలకు నేర్పేవారు ముందు తాము నేర్వవలసినవారన్న ఆలోచన ఆ పేరులోనే ఉన్నది.

మన ఇళ్లకూ ఒక మాట చెప్పక తప్పదు. శిక్షణకు వెళ్లే మన ఆడపిల్లలను పొరుగూరికి పంపడానికి జంకి, ఇంటి ప్రక్కనున్న పాఠశాలలోనే ఇంటర్న్‌షిప్ వేయించమని కళాశాలల చుట్టూ తిరిగే తల్లిదండ్రులున్నారు. భయం అర్థం చేసుకోదగినదే. బస్సులు సకాలంలో ఉండవు, సాయంత్రం చీకటి పడుతుంది. ఫలితంగా ఉర్దూ మాధ్యమంలో చదివిన పిల్ల తెలుగు మాధ్యమపు బడిలో 16 వారాలు గడిపి వస్తున్నది. అక్కడా నేర్చుకోవలసినది ఉంటుంది, కాదనము. కానీ తాను రేపు చెప్పవలసిన పాఠం మాత్రం ఒక్కరోజూ చెప్పి ఉండదు. ఇద్దరు ముగ్గురు పిల్లలను కలిపి ఒకే ఉర్దూ పాఠశాలకు పంపితే ప్రయాణపు భయం చాలవరకు తీరుతుంది. ఇందుకు ప్రభుత్వ ఉత్తర్వు అవసరం లేదు. జమాత్ పెద్దలు నాలుగు ఇళ్లవారితో కూర్చుని మాట్లాడితే చాలు.

కొందరు సోదరులు మాతో మరొక విధంగా వాదించారు. మా పిల్లల మీద ప్రయోగాలా, అసలు ఛాత్రోపాధ్యాయులనే మా బడికి పంపవద్దని వ్రాద్దామన్నారు. మేము ఒప్పుకోలేదు. నేడు మన బడిలో నేర్చుకోనివారే రేపు మన బడికి పూర్తి ఉపాధ్యాయులై వస్తారు. అప్పుడు వెనుక కూర్చునేవారు ఎవరూ ఉండరు.

మనకు అడిగే హక్కు ఎక్కడున్నది అంటారా? ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతున్నది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షను, వీలైనంతవరకు బోధన బిడ్డ మాతృభాషలో సాగాలంటున్నది. అదే చట్టం 21వ సెక్షను ప్రకారం ఏర్పడే పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలి. ఈ సభలోని తల్లులలో కొందరు ఆ కమిటీలలో ఉన్నారు. టీ తాగి సంతకం చేసి రావడానికి మాత్రమే ఆ సభ్యత్వం ఇవ్వలేదు.

కమిటీ సమావేశంలో మీరు అడగవలసినది పెద్ద విషయమేమీ కాదు. ఈ ఏడు మన బడికి ఛాత్రోపాధ్యాయులు వస్తున్నారా? వారి పాఠాలు వినే ఉపాధ్యాయుడు ఎవరు, వారానికి ఎన్ని పాఠాలు వింటాడు? కళాశాల పంపే పర్యవేక్షకునికి ఉర్దూ చదవడం వచ్చా? రాకపోతే, మన ఊళ్లలోనే పదవీ విరమణ చేసిన ఉర్దూ ఉపాధ్యాయులు ఉన్నారు గదా, వారిలో ఒకరిని ప్రక్కన కూర్చోబెట్టడానికి అభ్యంతరమేమిటి? ఒకే ఉపాధ్యాయుడున్న బడికి ఇంటర్న్‌షిప్ కేటాయిస్తే, ఆ నాళ్లకైనా మరొక ఉపాధ్యాయుని డిప్యుటేషను మీద పంపుతారా? జవాబులు తీర్మానాల పుస్తకంలో వ్రాయించండి. నోటిమాటగా వచ్చిన జవాబు కార్యాలయంలో జవాబు క్రింద లెక్కకు రాదు. ఇది మా సర్వీసు నేర్పిన సంగతి.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉన్నది. డివిజనులో ఏ ఉర్దూ పాఠశాలకు ఎందరు ఛాత్రోపాధ్యాయులను కేటాయించారో, పర్యవేక్షకులు ఏయే తేదీలలో సందర్శించారో అడగవచ్చు. 30 రోజులలోపు సమాధానం ఇవ్వాలి. 2022లో చేసిన చట్టసవరణతో ఉర్దూ మన రాష్ట్రానికి రెండవ అధికార భాష అయింది గనుక, అర్జీ ఉర్దూలో వ్రాయడానికి వెనుకాడవద్దు.

యాజమాన్య కమిటీలకు ఇవ్వవలసిన వినతిపత్రం నమూనా తెలుగులోనూ ఉర్దూలోనూ సిద్ధం చేసి తెచ్చాము. ద్వారం ప్రక్కన బల్ల మీద ఉన్నది. మీ బడి పేరు, మీ బిడ్డ తరగతి నింపి, రెండు ప్రతులు తీసుకోండి. ఒకటి ఇచ్చి, రెండవదాని మీద అందినట్లు ముద్ర వేయించుకోవాలి. తేదీ మరువకండి.