ముత్యాల ఊరు, అప్పుల లెక్క



ఏండ్ల తరబడి ఖతార్‌లో ఉంటున్నా మనలో చాలామందికి తెలిసిన దారి ఒక్కటే: క్యాంపు నుంచి సైటుకు, సైటు నుంచి క్యాంపుకు. అందుకే మొన్న చలికాలంలో ఒక శుక్రవారం మేం నలభై మందిమి చందాలేసుకొని బస్సు మాట్లాడుకున్నాం. పులిహోర డబ్బాలు, నీళ్ల బాటిళ్లు ఎక్కించుకొని ఇండస్ట్రియల్ ఏరియా నుంచి పొద్దున్నే బయలుదేరినం. దోహా దాటి అల్ షమాల్ రోడ్డు మీద ఉత్తరానికి పోయి, పడమరకు తిరిగితే జుబారా. ఒకవైపే వంద కిలోమీటర్ల పైన. దారంతా రాళ్ల నేల, చెట్టు కనబడడమే గొప్ప. చివరికి సముద్రం, ఒడ్డున ఒకప్పటి ఊరు.

ఇప్పుడక్కడ మిగిలినవి పునాదులు, మొండిగోడలే. 18వ శతాబ్దంలో అది ముత్యాల వ్యాపారంతో బతికిన రేవు పట్నం. 1811లో దాడి జరిగి తగలబడింది. 20వ శతాబ్దం మొదట్లో జనం పూర్తిగా ఖాళీ చేశారు. పక్కనున్న కోట 1938లో కట్టింది. 2013లో యునెస్కో ఈ జాగాను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మమ్మల్ని పట్టి ఆపింది మాత్రం ముత్యాల కోసం మునిగినవాళ్ల కథ. గల్ఫ్ తీరమంతా అదే పద్ధతి. ఎండాకాలం నెలల తరబడి పడవ మీదే బతుకు. కాలికి బరువు రాయి, ముక్కుకు బిగింపు, ఒక్క ఊపిరితో సముద్రం అడుక్కి. బయలుదేరే ముందే ఇంటి ఖర్చుకని నఖోదా, అంటే పడవ పెద్ద, దగ్గర అడ్వాన్సు తీసుకునేవారు. ముత్యాలు దొరక్కపోతే బాకీ వచ్చే ఏటికి పోయేది. అది తీరేదాకా ఇంకో పడవ ఎక్కరాదు. తండ్రి పోతే బాకీ కొడుకు మీద పడిన సందర్భాలూ ఉన్నాయి.

తిరుగు దారిలో ఒక తమ్ముడు, "ఇది మన కథే గదనే అన్నా" అన్నాడు. నూటికి మూడు రూపాయల మిత్తికి లక్షన్నర తెచ్చి ఏజెంటుకు కట్టి వచ్చాడట. నెలకు మిత్తే 4,500, ఏడాదికి 54,000. అసలు అట్లనే ఉంది. ఇంట్లో భార్యకు కూడా తెలియదు. ఆ తర్వాత బస్సులో ఒక్కొక్కరం నోరు విప్పినం.

కానీ ఒక తేడా ఉంది. వాళ్లకు పడవ మారే దారి లేదు, మనకుంది. 2020 చట్టంతో కంపెనీ ఎన్‌ఓసీ లేకుండానే ఉద్యోగం మారవచ్చు. రెండేళ్ల లోపు సర్వీసుంటే నెల ముందు, దాటితే రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. కనీస జీతం 1,000 రియాళ్లు. తిండి, వసతి కంపెనీ ఇవ్వకపోతే తిండికి 300, వసతికి 500 అదనం. మన దేశంలో రిజిస్టర్డ్ ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ కంటే ఎక్కువ తీసుకోకూడదు. రసీదు అడగాలి, ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్‌లో చూసుకోవాలి.

మేం కోరేది ఒక్కటే. ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అప్పు ఎంతో, మిత్తి ఎంతో ఉన్నదున్నట్టు చెప్పండి. ఊర్లో వీసా కోసం తిరుగుతున్న తమ్ముళ్లకూ ఈ లెక్క చెప్పండి. మునిగేముందు లోతు తెలియాలి కదా.