ఊపిరి మీద ధ్యాస: ఎవరి టైములో?

(పత్తికొండలో నర్సులు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటేడు ఒక ఆసుపత్రిలో నర్సులకు 'మైండ్‌ఫుల్‌నెస్' శిక్షణ జరుగుతుంటే చూడ్డానికి వెళ్లాను. ఏ ఊరన్నది ఇక్కడ అనవసరం. పొద్దున్నే నైట్ డ్యూటీ దిగినవాళ్లను ఇంటికి పోనీకుండా హాల్లో కూర్చోబెట్టారు. కళ్లు మూసుకుని ఊపిరిని గమనించమన్నారు. రెండు నిమిషాలకే ముందు వరుసలో ఒకామె గురక పెట్టింది. అందరూ నవ్వారు. తర్వాత ఆమె నాతో అన్న మాట: "నాకు కావాల్సింది నిద్ర మేడమ్. దానికి శిక్షణ అక్కర్లేదు."

ఈ పద్ధతి మొత్తాన్నీ కొట్టిపారేద్దామని నాకూ అనిపించింది. అది తొందరపాటే. ఊపిరి మీద ధ్యాస నిలపడం, మనసు పక్కకు పోతే తనను తాను తిట్టుకోకుండా వెనక్కి తెచ్చుకోవడం – చేసేది ఇంతే. ఒక మంచం మీద బిడ్డ చనిపోతుంది. మరు నిమిషంలో పక్క మంచం దగ్గర నవ్వు ముఖంతో నిలబడాలి. ఈ నవ్వు కూడా శ్రమేనని 1983లో ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త విమాన పరిచారికల పని చూసి రాసింది. ఆ రెండు మంచాల మధ్య నాలుగు శ్వాసలు నిలబడి తీసుకోగలిగితే మనిషికి మేలే. చాలామంది నర్సులు నాకు ఆ మాటే చెప్పారు.

ఇది అమెరికా సరుకని కొందరంటారు. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ దీర్ఘకాలపు నొప్పులున్న రోగుల కోసం ఎనిమిది వారాల శిక్షణగా మలిచిన మాట నిజం. మూలం మాత్రం బౌద్ధం. పాళీలో దీన్ని 'సతి' అంటారు, సంస్కృతంలో 'స్మృతి'. మన ఆడవాళ్లకు మొదటి మాట వింటే చితి, రెండోది వింటే మనువు గుర్తొస్తే తప్పు మనది కాదు. 'ఎరుక' అందాం.

బౌద్ధం మీకేమీ దూరం కాదు. మీ రాజుల మందగిరిలో అశోకుని శాసనం ఉంది. గుత్తి దారిలో జొన్నగిరి దగ్గర ఎర్రగుడి బండల మీద ఇంకా ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒకటి మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశామనీ, మందు మొక్కలు నాటించామనీ, బావులు తవ్వించామనీ చెబుతుంది. ఆ రోగులకు సేవలు చేసిన చేతులెవరివో రాయలేదు. రాయకపోవడం అప్పటి నుంచే ఉంది.

ఇప్పుడు మన సంగతి. సుగ్గికి పోయిన కుటుంబంలో గర్భిణి ఏ ఊళ్లో ఉందో ఫోన్లు చేసి కనుక్కోవడం, టీకా తేదీ దాటిన బిడ్డ కోసం తిరగడం, సెల్‌ఫోన్‌లో ఎక్కించిందే మళ్లీ రిజిస్టర్‌లో రాయడం – ఈ భారం ఊపిరితో తగ్గదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 'బర్నవుట్'ను రోగం అనలేదు, పనికి సంబంధించిన స్థితి అంది. పని వల్ల వచ్చినదానికి మందు పనిలోనే వెతకాలి కదా! 2022లో అదే సంస్థ ఆశా కార్యకర్తలకు అవార్డు ఇచ్చింది. 2005 నుంచి వాళ్లు 'వాలంటీర్లే'. మన రాష్ట్రంలో 2019లో పదివేలకు పెరిగింది కూడా గౌరవ వేతనమే, జీతం కాదు. 2025 మార్చిలో గ్రాట్యుటీ, 180 రోజుల ప్రసూతి సెలవు ప్రకటించారు. అవి కళ్లు మూసుకుంటే రాలేదు, రోడ్డెక్కితే వచ్చాయి. యాభై పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా నర్సుకు కనీసం ఇరవై వేలు ఇవ్వాలని, సుప్రీంకోర్టు 2016 తీర్పు తర్వాత వేసిన కమిటీ సిఫార్సు చేసింది. మీలో ఎందరికి అందుతోందో చేతులెత్తక్కర్లేదు, తెలుస్తూనే ఉంది.

కాబట్టి నేను వద్దనడం లేదు. డ్యూటీ గంటల్లోనే పెట్టమనండి. ఇష్టమున్నవాళ్లకే పెట్టమనండి. రానివాళ్ల పేరు రాసుకోవద్దనండి. ఖాళీ పోస్టుల గురించి అడిగినప్పుడు దీన్ని జవాబుగా చూపించవద్దనండి. ఎరుక అంటే ఒంట్లో ఏం జరుగుతోందో గమనించడం కదా, నడుము ఎందుకు నొస్తోందో, మంచినీళ్లు తాగడం ఎందుకు మానేశామో కూడా అందులోకే వస్తుంది. మరుగుదొడ్డి లేదు కనుక మానేశాం.

ఇప్పుడు ఐదు నిమిషాలు కూర్చుందాం. నిద్రొచ్చినవాళ్లు నిద్రపోండి, ఎవరూ నవ్వరు. తర్వాత కాగితాలు పంచుతాం. పోయిన వారంలో ఏ రోజు ఎన్ని గంటలు పనిచేశారో రాయండి. పేరు రాయకండి.