నరం తిరిగి పెరుగుతుందా?
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నరం పోయింది, ఇక రాదు" అని మనవాళ్లు తేలిగ్గా అనేస్తుంటారు. ఈ మాటలో సగమే నిజం. మిగతా సగం తెలియక కొందరు చేతులారా చేయీ కాలూ పోగొట్టుకుంటున్నారు. అందుకే నాలుగు మాటలు మనవి చేస్తాను.

నరమంటే సన్నని తంతువుల కట్ట. ఒక్కొక్క తంతువూ ఒక నాడీకణం చాచిన చేయి వంటిది. పాదాన్ని కదిలించే కణం నడుము దగ్గర వెన్నుపాములో ఉంటుంది. దాని తంతువు సుమారు ఒక మీటరు పొడవు. ఆ కణమే చనిపోతే దాని స్థానంలో మరొకటి పుట్టదు. కణం బ్రతికి ఉండి తంతువు మాత్రం తెగితే సంగతి వేరు.

1850లో ఇంగ్లండు వైద్యుడు అగస్టస్ వాలర్ కప్ప నరాలను కోసి పరిశీలించాడు. కోతకు అవతలి ముక్క శిథిలమైంది. కణంతో సంబంధమున్న ముక్క నిలిచింది. నరంలోనే ఉండే ష్వాన్ కణాలు ఆ శిథిలాలను ఊడ్చి, వరుసకట్టి దారి చూపుతాయి. ఆ దారిలో కొత్త మొలక రోజుకు సుమారు 1 మిల్లీమీటరు సాగుతుంది. మణికట్టు దగ్గర తెగిన నరం వేలికొసకు చేరాలంటే దాదాపు ఆరు నెలలు. అయితే తెగిన కొసలు రెండూ కలవాలి. గాజుపెంకు కోసుకుని వేలు మొద్దుబారితే, పైచర్మానికి కుట్లు వేయించి ఊరుకోకండి, సర్జనుకు చూపించండి. నరం అందక ఏడాది, ఏడాదిన్నర గడిస్తే కండ ఇక పనికిరాదు.

మెదడులో, వెన్నుపాములో ఇలా జరగదు. గాయపు మచ్చా, అక్కడి తంతువుల మీది పొరా మొలకను అడ్డుకుంటాయి. 1981లో కెనడాలో డేవిడ్, అగ్వాయో అనే శాస్త్రజ్ఞులు ఎలుక కాలి నరం ముక్కను దాని వెన్నుపాముకు అతికితే, తంతువులు అందులోకి పెరిగాయి. అంటే శక్తి ఉంది, దారే లేదన్నమాట. ఆ దారి వేసే వైద్యం మనుషులకు ఇంకా అందలేదు.

అందుచేత పక్షవాతం వస్తే ముందు గడియారం చూడాలి. మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో లెక్కగట్టారు. గడ్డను కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా "తెల్లారనీ, చూద్దాం" అనకండి. పావురం రక్తం రాస్తూ కూర్చోకండి. నోట్లో నీళ్లు పోయకండి. 108కి ఫోను చేసి, సి.టి. స్కాన్ ఉన్న ఆస్పత్రికి చేర్చండి.

ఆ తర్వాతా ఆశ వదలనక్కరలేదు. పోయిన కణాల పనిని మిగిలినవి కొంతవరకు నేర్చుకుంటాయి. దానికి రోజూ సాధన కావాలి. "అమ్మీకి చేయి రాదులే" అని మనమే అన్నం తినిపించటం ప్రేమే. ఆ చేతితోనే గ్లాసు పట్టించటం అంతకంటె పెద్ద ప్రేమ.

చివరగా మన సంఘం యువకులకు ఒక విన్నపం. రాత్రివేళ కూడా స్కాన్ తీసే ఆస్పత్రి మీ పేటకు దగ్గరలో ఏదో ఈ వారంలోనే కనుక్కోండి. దాని నంబరు ఇంటింటికీ రాసి ఇవ్వండి.