ముఖమునందలి మచ్చ – మనస్సునందలి మచ్చ



శ్రీమన్నారాయణుని వక్షఃస్థలమున శ్రీవత్సమను మచ్చ కలదు. పరమేశ్వరుని కంఠము నల్లనిది. ఆ గుర్తులతోడనే శ్రీవత్సాంకుడనియు, నీలకంఠుడనియు అర్చించుచున్నాము. ఆలయమున ఇట్లు నమస్కరించినవారమే, ముఖమున ఎఱ్ఱని మచ్చతో పుట్టిన పసిబిడ్డను చూచి "అయ్యో, ఏ పాపమో!" అందుము. ఈ వైరుధ్యమును గూర్చి నేడు కొన్ని మాటలు చెప్పదలచితిమి.

మొదటి నింద తల్లిపై పడును. గర్భిణిగా నుండగా గ్రహణమును చూచినదనియు, ఆ వేళ కత్తిపీట పట్టినదనియు ఇంటిలోనివారే అందురు. శాంతి చేయింపవలెనని మా వద్దకు వచ్చిన తల్లులలో పలువురు బిడ్డ మచ్చకంటె ఈ మాటకే ఎక్కువగా కంటతడి పెట్టిరి. సుశ్రుతాచార్యులు నిదానస్థానమున క్షుద్రరోగములను వివరించుచు, పుట్టుకతో వచ్చు ఎఱ్ఱని మచ్చను జతుమణి యనిరి. అది కఫరక్తముల వలన కలుగుననియు, నొప్పి లేనిదనియు లక్షణము చెప్పిరి. ఆ లక్షణమున గ్రహణము లేదు. తల్లి దోషము లేదు. చికిత్సాస్థానమున దానికి శస్త్రక్షారాగ్ని కర్మలను విధించిరి. అనగా ఇది వైద్యుడు చూడవలసిన విషయము.

ద్రాక్షారసపు రంగుగల మచ్చకు కారణమును నేటి శాస్త్రజ్ఞులు 2013లో కనుగొనిరి. గర్భస్థ శిశువు కణమునందు యాదృచ్ఛికముగ కలుగు జన్యుమార్పే సాధారణముగ దానికి మూలము. అది తల్లిదండ్రులనుండి సంక్రమించునది కాదు.

"పూర్వజన్మ కర్మ కాదా?" అని కొందరడుగుదురు. కర్మసిద్ధాంతము ఎవరి నడతను వారు దిద్దుకొనుటకు ఏర్పడినది. పరుల బిడ్డను దానితో కొలువరాదు.

మచ్చలన్నియు ఒక్కటి కావు. పిఱుదులపై నీలిమచ్చలు మన శిశువులలో సాధారణము. చాలవరకు బాల్యముననే మాయును. పుట్టిన కొన్ని వారములలో ఉబ్బు ఎఱ్ఱని రక్తనాళపు గడ్డ కొన్ని మాసములు పెరిగి, పిదప క్రమముగ తగ్గును. అది కంటికో, శ్వాసకో అడ్డువచ్చునేని, 2008లో గుర్తింపబడిన విధమున ప్రొప్రనొలాల్ అను మందును వైద్యుల పర్యవేక్షణలో ఇత్తురు. ద్రాక్షవర్ణపు మచ్చ తనంతట పోదు. లేజరు చికిత్సను పలుమార్లు చేయించిన పలచబడవచ్చును. అందరికిని పూర్తిగా పోవునని చెప్పరాదు. అది నుదుటను, కనురెప్పపైను ఉన్నచో కంటిని, మెదడును గూడ పరీక్షింపజేయవలెను. ఇంటిలో వాతలు పెట్టుట, పసరులు పూయుట మానవలెను.

చర్మమునకు వైద్యుడు కలడు. మనస్సునకు ఇంటివారే వైద్యులు. మూడు నాలుగేండ్ల బిడ్డకే పరుల చూపులు తెలియును. ఫొటో తీయునపుడు ఆ చెంపను ప్రక్కకు త్రిప్పించుట, పేరంటమునకు కొనిపోకుండుట, "దీనికి పెండ్లి ఎట్లగునో" యని నిట్టూర్చుట బిడ్డ గమనించుచునే యుండును. సంవత్సరములు గడచిన కొలది ఆ మచ్చ చెంపనుండి మనస్సునకు ప్రాకును. కావున "ఇది నా పుట్టుమచ్చ; నొప్పి లేదు; ఎవరికిని అంటదు" అని తలయెత్తి చెప్పుట నేర్పుడు. పెద్దయైన పిమ్మట చికిత్స కోరిన చేయించుడు, వలదన్నచో నిర్బంధింపకుడు.

జనకుని సభలో అష్టావక్రుని వంకరలు చూచి నవ్విన పండితుల పేర్లు ఎవరికిని తెలియవు. ఆ బాలుని జ్ఞానము నేటికిని వెలుగుచున్నది. మన యింటి బిడ్డలను ఆ దృష్టితో చూచు బుద్ధిని స్వామి మనకు ప్రసాదించుగాక.

స్వస్తి.