కల్పిత కథలకు నిజస్థలములు



పల్లె గ్రంథాలయములలో చేతులు మారి మారి అట్టలు మాసిన పుస్తకములలో మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు మొదటి వరుసలోనివి. అందు మణిసిద్ధుడను యతి యొక గోపబాలకుని వెంటబెట్టుకొని కాశికి పోవుచుండును. మజిలీ చేసిన తావున బాలకుడు ఊరు చూచివచ్చి, తనకు వింతగ దోచిన దానినిగూర్చి యడుగును. యతి దాని వెనుకనున్న కథ చెప్పును. కథ యెంత అద్భుతమైనదైనను, దాని మొదలు కంటితో చూచిన యొక తావుననే యున్నది. కల్పిత కథలను చలనచిత్రములుగ తీయువారి పని దీనికి విలోమము. వారికి కథ ముందున్నది. దానికి తగిన తావు వెదకవలెను. ఆ వెదకుట యెట్లుండవలెనన్నదే ఈ ప్రసంగమునకు విషయము.

ఆ గ్రంథమునందలి కథయే ఆధారముగ 1951లో విజయా వారి పాతాళభైరవి వెలువడెను. కె.వి.రెడ్డిగారు దర్శకులు, మార్కస్ బార్ట్లీగారు ఛాయాగ్రాహకులు. మాంత్రికుని గుహయు, రాజోద్యానమును ప్రధానముగ మద్రాసు వాహినీ స్టూడియోలో నిర్మించినవే. 1957 నాటి మాయాబజారులో కనబడు ద్వారకానగరము గోఖలే, కళాధర్ గారలు కట్టించిన చిన్న నమూనా. నాడు స్థలమే స్టూడియోకు నడచివచ్చెను. 2015 నాటి బాహుబలి నవలాధారము కాకున్నను జానపద కల్పనయే. దానికై కేరళమందలి అతిరప్పిళ్లి జలపాతమును, కర్నూలు జిల్లా ఓర్వకల్లు శిలలను, రామోజీ ఫిల్మ్ సిటీలోని కట్టడములను కలిపి యొక లోకము సృష్టించిరి. అతిరప్పిళ్లి యెత్తు సుమారు 80 అడుగులే. తెరపై నది మేఘములనుండి దిగినట్లు తోచుట కంప్యూటరు మహిమ.

విదేశములలో దీనికి ప్రసిద్ధమైన నిదర్శనము టోల్కిన్ పండితుని లార్డ్ ఆఫ్ ది రింగ్స్. 1954, 1955 సంవత్సరములలో వెలువడిన ఆ నవలను పీటర్ జాక్సన్ న్యూజీలాండు దేశమున చిత్రీకరించెను. కథలోని మరుగుజ్జుల పల్లెకై 1998లో ఆకాశమునుండి వెదకి, మాతమాత పట్టణ సమీపమున నొక గొర్రెల క్షేత్రము నెన్నుకొనిరి. పల్లె కొత్తగ కట్టినట్లు కనబడరాదని ముందుగనే తోటలు నాటించిరి. అగ్నిపర్వతముగ చూపిన కొండ శిఖరము మావోరీ జాతివారికి పవిత్రమగుటచే, దాని జోలికి పోక పొరుగు కొండ చరియలలో పని జరిపించిరి.

దీనికి విరుద్ధమైన గాథయు గలదు. ది బీచ్ అను మరియొక నవలను 2000 సంవత్సరపు చిత్రముగ తీయునపుడు, థాయిలాండు మాయా తీరమున ఇసుకతిన్నెలను చదునుచేసి, సహజముగ మొలచిన మొక్కలను పెరికి, అందముకొరకు కొబ్బరిచెట్లు నాటిరి. చిత్రము చూచినవారు వేలకొలది వచ్చి తొక్కగా, ఆ తీరమును 2018లో మూసివేయవలసివచ్చెను. అది మరల తెరచినది 2022లో. న్యాయస్థానములలో వ్యాజ్యము ఏండ్లకొలది నడచెను.

ఇక మన సీమ మాట. క్షేమేంద్రుడు ఔచిత్యభేదములలో దేశౌచిత్యమును గూడ చెప్పెను. దానికి కాళిదాసుని రఘువంశమే యుదాహరణము. నాలుగవ సర్గమున రఘుమహారాజు సేన కళింగమును గెలిచి మహేంద్రపర్వత ప్రాంతమున విడిసి, తమలపాకులలో నారికేళాసవమును త్రావును. ఆరవ సర్గమున కళింగరాజును సముద్రఘోషయే మేలుకొలుపును; అతని మేడ గవాక్షములనుండి తరంగములు కానవచ్చును. మహాకవి యేదో యొక తీరమని చెప్పి విడువలేదు. ఆ నేలలో నేది పండునో, ఆ గాలిలో నేది వినబడునో దానినే యెన్నుకొనెను. ఆ మహేంద్రగిరి మందసనుండి చూచినచో నేటికిని కనబడును. ఆ కొబ్బరితోటలే ఉద్దానము.

కల్పిత కథలకు కావలసిన తావులు ఇచ్చట కొదువలేవు. పరశురాముని తపోభూమియని పేరొందిన 1,501 మీటర్ల మహేంద్రగిరి నేడు ఒడిశాలోనిదైనను, దాని కూతురు మహేంద్రతనయ బారువ వద్ద మన సముద్రముననే కలియుచున్నది. శాపవిమోచన ఘట్టమునకు ఆ సంగమముకంటె తగిన తావేది? కొబ్బరి, పనస, జీడిచెట్ల నీడలు పెనగొనిన ఉద్దానము యక్షుల వనమునకు చాలును. టెక్కలి దాపున రావివలసలో పైకప్పు లేక యెండలో నున్న మల్లికార్జునుడున్నాడు. తేలినీలాపురమున గూడబాతులును, రంగుల కొంగలును ఊరి చెట్లపైననే గూళ్లు కట్టును. పక్షులు మాటలాడు కథకు వేరే దృశ్యము కట్టనేల?

అయినను ఇచ్చి పుచ్చుకొనుటకు ఎల్లలుండవలెను. గూళ్లలో పిల్లలున్న వేళ ఆ చెట్లక్రింద బాణసంచా కూడదు. తాబేళ్లు గ్రుడ్లు పెట్టు తీరమున రాత్రి పెద్ద దీపములు కూడవు. పిల్లలు దారితప్పి సముద్రమునకు బదులు దీపమువైపు పోవును. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో తోటలను నేలగూల్చెను. తాత నాటిన చెట్టు పడగా మనుమడు మరల మొక్క నాటి, కాపుకై యేండ్లు కాచుకొనుచున్నాడు. కెమెరా బండికి అడ్డమని ఒక్క చెట్టైనను కొట్టరాదు. మూత్రపిండముల వ్యాధితో చిరకాలముగ వేగుచున్న పల్లెలివి. తోట అందము చూడవచ్చినవారు తోటవానిని గూడ చూడవలెను.

కావున ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయము చేయదగిన పని యొకటున్నది. గ్రామ లెక్కలలో ప్రతి సర్వే నెంబరునకు విస్తీర్ణము, ఎల్లలు, పైరు వ్రాసియున్నట్లే, ఈ సీమలోని కొండలకును, ఏటిమొగలకును, తోటలకును, తిన్నెలకును ఒక పట్టిక కట్టవలెను. తావు పేరు, దాని గాథ, అది శోభించు ఋతువు, హక్కుదారుడు, అచ్చట తాకరానిదేది అను అయిదు గడులు చాలును. చిత్రము తీయువారు వచ్చినపుడు ముందు ఆ పట్టిక చూచి, పిమ్మట తావు చూతురు గాక. వారు రాకున్నను నష్టము లేదు. రేపు మరియొక తుపాను వచ్చినను ఈ తావు ఎట్లుండెనో తెలుపు సాక్ష్యము ఈ బీరువాలో మిగులును.

కథ ముగిసి, జనము లేచిపోయి, తెర చుట్టివేసిన తరువాతను తావు ఉండవలెను. మరియొక గోపబాలకుడు వచ్చి, ఇదేమి వింతయని యడుగవలెను గదా!