పరీక్ష దేనిని కొలుస్తున్నది?
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బోధన, మూల్యాంకనాలపై విశ్వవిద్యాలయాలలో జరిగిన పరిశోధనను గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. విషయం విశాలమైనది. దానిని మన బళ్ళారికి అవసరమైనంత మేరకే పరిమితం చేసుకుంటాను.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరగా, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఎల్ల మారినంత మాత్రాన ఇంటి భాష మారదు గదా! 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350ఏ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించేందుకు యత్నించవలసిన బాధ్యతను రాష్ట్రాలపై ఉంచింది. ఈ బాధ్యత తరగతి గది వరకు వచ్చింది. పరీక్ష గది వరకు వచ్చిందా అన్నదే నా ప్రశ్న.

ఒక ఉదాహరణ. తెలుగు పుస్తకంలో కిరణజన్య సంయోగక్రియ అని చదివిన విద్యార్థికి కన్నడంలో అది ద్యుతిసంశ్లేషణె. మన పరావర్తనం అక్కడ ప్రతిఫలన; మన క.సా.గు. అక్కడ ల.సా.అ. అయితే వక్రీభవనం మాత్రం రెండు భాషలలోనూ వక్రీభవనమే. ఆకు ఆహారాన్ని ఎట్లా తయారు చేసుకుంటుందో చక్కగా తెలిసిన బాలిక, పై చదువులో ఆ పదం కొత్తది కావడం వల్ల జవాబు విడిచిపెడితే, ఆమెకు పడిన సున్న విజ్ఞానశాస్త్రానికా, నిఘంటువుకా? కొలవదలచినదానినే పరీక్ష కొలుస్తున్నదా అన్న ఈ ప్రశ్నను మూల్యాంకన శాస్త్రం సప్రామాణ్యత అంటుంది. సరిహద్దు జిల్లాలో అది పండితుల చర్చ కాదు, పిల్లల భవిష్యత్తుకు సంబంధించిన విషయం.

మన దేశంలో పరీక్షల సంస్కరణ చర్చ పాతదే. 1948-49 నాటి రాధాకృష్ణన్ సంఘం విశ్వవిద్యాలయ విద్యలో అన్నింటికన్న ముందు సంస్కరించవలసినది పరీక్షనేనని భావించింది. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన బెంజమిన్ బ్లూమ్, విద్యా లక్ష్యాల వర్గీకరణ గ్రంథం 1956లో వెలువడిన వెనువెంటనే మన దేశానికి వచ్చి ఉపాధ్యాయులకు కార్యగోష్ఠులు నిర్వహించారు. జ్ఞాపకం, అవగాహన, అనువర్తనం అంటూ మన ప్రశ్నపత్రాల నమూనాలలో కనిపించే విభజనకు మూలం అదే. పట్టిక మాత్రం నిలిచింది. దాని ఆంతర్యం పలుచబడిందని నా అభిప్రాయం.

తల్లిదండ్రులు ముఖ్యంగా వినవలసిన పరిశోధన ఒకటున్నది. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ 1988లో ప్రకటించిన అధ్యయనంలో కొందరు పిల్లలకు మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్య మాత్రమే, మరికొందరికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్య మాత్రమే అందుకున్న వారి పని మెరుగుపడింది, ఆసక్తీ నిలిచింది. రెండూ ఇచ్చిన చోట ఆ మేలు కనబడలేదు. అంకె కనబడగానే కన్ను అక్కడే ఆగిపోతుంది కాబోలు! తరువాత లండన్ కింగ్స్ కళాశాలకు చెందిన పాల్ బ్లాక్, డిలన్ విలియమ్‌లు సుమారు 250 అధ్యయనాలను పరిశీలించి, బోధన నడుస్తుండగానే పిల్లల లోపాన్ని గుర్తించి బోధనను సరిదిద్దుకొనే మూల్యాంకనం వల్ల అభ్యసనం గణనీయంగా పెరుగుతుందని 1998లో తేల్చారు. ప్రగతి పత్రం చేతికి రాగానే “ఎన్ని వచ్చాయి?” అని అడిగే మనం, “అయ్యవారు ఏమి వ్రాశారు?” అని అడగడం అలవరచుకోవాలి. అయ్యవారు కూడా ఏదో ఒకటి వ్రాయాలనుకోండి!

ఇక వృత్తి విద్య. బళ్ళారిలో వైద్య కళాశాల 1961 నుండి ఉన్నది. 2017 నుండి నీట్ పరీక్షను తెలుగులోనూ వ్రాయవచ్చు. లోపలికి అడుగుపెట్టాక పాఠమంతా ఆంగ్లమే. అక్కడ తెలుగు మాధ్యమ విద్యార్థి మొదటి సంవత్సరం పడే శ్రమ తక్కువది కాదు. ఆ శ్రమను మన బడి ముందే కొంత తగ్గించవచ్చు: పై తరగతులలో ప్రతి సాంకేతిక పదాన్ని తెలుగు, కన్నడ, ఆంగ్లాలలో పక్కపక్కనే నేర్పాలి. వైద్య విద్యలోనూ పరీక్ష మారింది. స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ హార్డెన్ 1975లో ప్రవేశపెట్టిన పద్ధతిలో విద్యార్థి ఒక్కొక్క ఘట్టంలో ఒక్కొక్క పని చేసి చూపాలి. రోగితో మాట్లాడడం కూడా అందులో మార్కులున్న విద్యే. కన్నడం, తెలుగు, ఉర్దూ వినిపించే ఈ ఊరిలో రోగి బాధను అతని మాటలోనే వినగలిగినవాడు ఆ ఘట్టంలో వెనుకబడడు.

బళ్ళారిలో శ్రీకృష్ణదేవరాయల పేరిట 2010లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. అక్కడి పరిశోధకులకు మన పాఠశాల ఒక సహాయం చేయగలదు. ఈ సంవత్సరం నుండి అర్ధవార్షిక పరీక్షల జవాబు పత్రాలను పేర్లు తొలగించి, వరుస సంఖ్యలతో ఐదేళ్లపాటు భద్రపరచాలని ప్రధానోపాధ్యాయులను కోరుతున్నాను. పిల్లవాడు భావం తెలియక తప్పినదెక్కడ, పదం తెలియక తప్పినదెక్కడ అన్నది వాటిని చూసి విడదీయవచ్చు. బీరువా ఖర్చు భరించే పూర్వ విద్యార్థులు ఈ సభలోనే ఉన్నారని నాకు తెలుసు.