మనల్ని మనమే తక్కువ చేసుకోరాదు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "మాస్టర్ సాబ్, ఈసారి మీరు తెలుగులో మాట్లాడాలి. ఉర్దూ రాని సభ్యుల కుటుంబాలు కూడా వస్తున్నాయి" అన్నారు. సరేనన్నాము గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇరవై యేండ్లుగా ఉర్దూ మాధ్యమంలో లెక్కలు చెబుతున్నవాళ్లం, నలభై అయిదేండ్ల వయసు, ఇద్దరు పిల్లల తండ్రిమి. ఇంకా ఈ భయమేమిటి అని మమ్మల్ని మేమే ప్రశ్నించుకున్నాము. ఆ భయమే ఈనాటి మా ప్రసంగ విషయం.

దీన్ని తెలుగులో న్యూనతాభావం అంటారు. మన ఇళ్లలో ఎహ్‌సాసె కమ్‌తరీ అంటాము. చాలామంది దీన్ని వినయం అనుకుంటారు. కాదు. వినయం గలవాడు, "నాకు ఇంత తెలుసు, ఇది తెలియదు, చెప్పండి" అని అడుగుతాడు. న్యూనతాభావం గలవాడు అడగడు. అడిగితే బయటపడిపోతాననుకుంటాడు. మొదటివాడు నేర్చుకుంటాడు, రెండవవాడు దాక్కుంటాడు. తేడా అదే.

మా సంగతే చెబుతాము. 2004లో మాకు ఉద్యోగం వచ్చి ఏడాది కాలేదు. మండల కేంద్రంలో ఉపాధ్యాయులకు శిక్షణ జరిగింది. ఒక్కొక్కరు లేచి పాఠం ఎలా చెబుతారో తెలుగులో వివరించాలన్నారు. మా వంతు వచ్చింది. లేచి, గొంతు నొప్పిగా ఉందని చెప్పి కూర్చున్నాము. మా నోట 'నీళ్లు' అనేది 'నీల్లు' అవుతుంది, 'గణితం' కాస్తా 'గనితం' అవుతుంది. లెక్కల మాస్టరుకు గణితం అన్న మాటే పలకడం రాదంటారేమోనని భయం. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక పెద్ద మాస్టారు, తెలుగు మాధ్యమం ఆయన, మా పక్కన కూర్చుని మెల్లగా అన్నారు: "గొంతు నొప్పి నాకు కూడా వస్తుందయ్యా, ఇంగ్లీషులో మాట్లాడమంటే!" ఇద్దరం నవ్వుకున్నాము. అందరికీ ఒక దాగుడుమూల ఉంటుందని ఆనాడు తెలిసింది. కాని తెలిసినంత మాత్రాన మేము మారలేదు.

మారనందుకు మూల్యం చెల్లించింది మేము కాదు, మా విద్యార్థి.

పదవ తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. లెక్కల్లో చురుకైనవాడు. బోర్డు మీద లెక్క పూర్తిగా రాయకముందే జవాబు చెప్పేవాడు. మంచి మార్కులతో పాసై ఇంటర్మీడియట్‌లో చేరాడు. అక్కడంతా ఇంగ్లీషే. రెండు నెలలు తిరగకముందే కాలేజీ మానేసి మోటారు సైకిళ్ల మెకానిక్ దగ్గర పనికి కుదిరాడని విని వెళ్లాము. "ఏం బేటా, లెక్కలు కష్టమయ్యాయా?" అంటే తల వంచుకున్నాడు. "అర్థం కానిది లెక్చరర్‌ను అడగవలసింది కదా" అన్నాము. అప్పుడతను చేతికున్న నూనె గుడ్డతో తుడుచుకుంటూ, "ఆప్ భీ తో నై బోలే థే, సర్" అన్నాడు. మీరు మాత్రం మాట్లాడారా సర్ అని!

ఏమిటో ముందు బోధపడలేదు. తరువాత గుర్తుకు వచ్చింది. ఆ ముందటి సంవత్సరం తనిఖీకి వచ్చిన అధికారి మా తరగతిలో నిలబడి తెలుగులో ఏదో అడిగితే, మేము జవాబు చెప్పలేక హెడ్మాస్టరుగారి వైపు చూసి ఒక అడుగు వెనక్కి వేశాము. పిల్లలంతా చూశారు. ఈ అబ్బాయీ చూశాడు. ఏడాది పొడుగునా మేము చెప్పిన లెక్కలతోపాటు, చెప్పని ఆ పాఠం కూడా నేర్చుకున్నాడు.

అతను తిరిగి కాలేజీకి పోలేదు. ఈనాడు సొంత షాపు పెట్టుకుని హలాల్ సంపాదనతో బతుకుతున్నాడు. ఆ పనిని మేము తక్కువ చేయడం లేదు. ఇష్టపడి ఆ పనికి పోయి ఉంటే సంతోషించేవాళ్లం. సిగ్గుపడి పోయాడు, అదే మా బాధ.

ఆలోచించండి. అతనికి ముసల్లస్ అంటే ఏమిటో తెలుసు. మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలని తెలుసు. దాన్నే త్రిభుజమంటారని, ట్రయాంగిల్ అంటారని నోటికి అలవాటు కాలేదు. జరబ్ అన్నా, గుణకారం అన్నా, మల్టిప్లికేషన్ అన్నా లెక్క ఒకటే. అతనికి లేనిది జ్ఞానం కాదు, దానికున్న ఇంకొక పేరు మాత్రమే. పేరు నేర్చుకోవడానికి ఆరు నెలలు చాలు. 'నేనే తక్కువవాణ్ణి' అన్న మాట మనసులో నాటుకుంటే దాన్ని పెరికివేయడానికి ఆరేండ్లు చాలవు.

ఆస్ట్రియా దేశపు వైద్యుడు ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ (1870–1937) ఈ న్యూనతాభావం గురించి విశేషంగా రాశాడు. ఆయన చిన్ననాట రికెట్స్ జబ్బుతో బాధపడినవాడు. తక్కువతనపు భావం ప్రతి మనిషిలోను ఉంటుందని, అది మనిషిని ముందుకు నెట్టవచ్చునని, ముడుచుకుపోయేటట్లు కూడా చేయవచ్చునని ఆయన సారాంశం. కాబట్టి అది ఉండడం తప్పు కాదు. దానికి లొంగడమే నష్టం.

ఇక మన తూకపు రాళ్ల సంగతి. మన ఉర్దూను లక్నో, ఢిల్లీ రాళ్లతో తూస్తారు. 'నక్కో', 'హౌ', 'కైకు' అంటే నవ్వుతారు. కాని 1580లో గోల్కొండ గద్దెనెక్కిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం రాసింది ఈ దక్కనీలోనే. వానలు, పండుగలు, ఇక్కడి పండ్లు కూడా ఆయన కవితలకు వస్తువులయ్యాయి. ఔరంగాబాద్ వలీ కవిత్వం 18వ శతాబ్దం తొలినాళ్లలో ఢిల్లీ చేరిన తరువాతనే అక్కడి ఫార్సీ కవులు ఉర్దూ వైపు ఉత్సాహంగా తిరిగారు. మన నానీమా 'ఆతూఁ బోల్‌కే బోలా' అంటే అది తప్పు ఉర్దూ కాదు. 'వస్తానని చెప్పాడు' అన్న తెలుగు వాక్యపు పోలిక అందులో ఉంది. వందల ఏండ్లు పక్కపక్క ఇళ్లలో బతికినదానికి అది గుర్తు.

అట్లాగే తెలుగు మనకు పరాయిది కాదు. జవాబు, కాగితం, ఖర్చు, బాకీ, రైతు, జిల్లా, హాజరు, వకీలు: ఈ మాటలు ఎటునుంచి వచ్చాయి? ఫార్సీ, అరబీల నుంచి. తెలుగువారు వాటిని తమ నోటికి తగినట్లు మలచుకున్నారు. మన మాటలు వాళ్ల నోట మారితే తప్పు కానప్పుడు, వాళ్ల 'ళ' మన నోట కొంచెం మారితే అంత సిగ్గెందుకు?

ఇక్కడ ఒక చేదు మాట. మన్నించాలి. నవ్వులపాలైన మనమే ఇతరులను చూసి నవ్వుతున్నాము. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల కుటుంబాల పిల్లలు మన మధ్యకు వస్తే, ఉర్దూ రాదని వెక్కిరించే ఇళ్లు లేవా? పిఠాపురం ఉమర్ ఆలీషాగారు (1885–1945) తెలుగులో పద్యాలు, నాటకాలు రాసి పేరు పొందారు. ఆయన మనవారు కారా? ఒకరిని తక్కువ చేసి మనం ఎక్కువ కాలేము. అది కూడా న్యూనతాభావపు ఇంకొక ముఖమే.

హజ్రత్ మూసా అలైహిస్సలాం వృత్తాంతం మనందరం విన్నదే. ఫిరౌన్ దర్బారుకు వెళ్లమని ఆజ్ఞ అయినప్పుడు, ఆయన తన నాలుక ముడి విప్పమని వేడుకున్నారు. తనకంటె బాగా మాట్లాడగల అన్న హారూన్‌ను తోడిమ్మని అడిగారు. గొంతు నొప్పి అని కూర్చోలేదు. లోటును దాచలేదు, సాయం అడిగారు, వెళ్లారు. తన్ను తాను అంగీకరించడమంటే ఇదేనని మాకు తోస్తుంది. "నేనింతే" అని కాళ్లు చాపుకోవడం కాదు. "నేనిది, నాకు ఇది కావాలి" అని తలెత్తి చెప్పడం.

ఆ అబ్బాయి మాట విన్నప్పటినుంచి మేము రోజూ ఫజర్ తరువాత తెలుగు దినపత్రిక పైకి చదువుతున్నాము. మా చిన్నమ్మాయి తప్పులు దిద్దుతుంది. బడిలో శనివారం చివరి గంట ప్రతి విద్యార్థి అయిదు నిమిషాలు తెలుగులో, రెండు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలి. ముందు మేమే మాట్లాడతాము, తప్పులతోనే. నియమం ఒకటే: ఎవరూ నవ్వరాదు. ఆ మెకానిక్ అబ్బాయి తమ్ముడు మొదటి శనివారం లేచి ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాడు. నాలుగవ శనివారం మా తప్పును దిద్దాడు! ఆనాడు మాకు కలిగిన సంతోషం చెప్పలేము.

సంఘంవారికి మా మనవి రెండే. పదవ తరగతి పరీక్షలైన తరువాత కాలేజీలు తెరిచేదాకా, మన ఉర్దూ మాధ్యమం పిల్లలకు లెక్కలు, సైన్సు పదాలను మూడు భాషల్లో చెప్పే తరగతి ఈ హాలులోనే నడపాలి. మా వంతు జీతం లేకుండా మేము చెబుతాము. రెండవది తల్లిదండ్రులకు. పక్కింటి కాన్వెంటు పిల్లవాణ్ణి చూపి, "వాణ్ణి చూడు, నిన్ను చూడు" అనకండి. 2017లో తెలంగాణలో రాష్ట్రమంతటా ఉర్దూకు రెండవ అధికార భాష హోదా వచ్చింది. సంతోషమే. కాని ఏ చట్టమూ బిడ్డ నోరు విప్పించలేదు. ఆ పని ఇంట్లో జరగాలి.

మేమీ పావుగంటలో ఎన్ని 'ళ'లు తప్పు పలికామో ముందు వరుస పిల్లలు లెక్కపెట్టే ఉంటారు. సభ అయ్యాక వచ్చి చెప్పండి, దిద్దుకుంటాము. గొంతు మాత్రం నొప్పిగా లేదు.

ఖుదా హాఫిజ్.